హనుమకొండలో డ్యాన్స్ స్కూల్ పెట్టాలి: ఫ్లోరింగ్, బ్యాచ్‌లు, ఫీజు, జీఎస్టీ గురించి చెప్పండి

గజ్జెల_సవ్వడి (హనుమకొండ)

అందరికీ నమస్తే. కూచిపూడి డిప్లొమా చేసిన, ఇప్పుడు ఒక స్కూల్లో డ్యాన్స్ టీచర్ ఉద్యోగం. జూన్‌లో సొంత స్కూల్ మొదలుపెడ్దామని ఉంది. హాల్ చూసిన: 20×30 అడుగులు, మొదటి అంతస్తు, కింద మార్బుల్ బండలు. గ్రౌండ్ ఫ్లోర్‌ల ఒక క్లినిక్. కిరాయి 14 వేలు. చేతిల 3 లక్షలు ఉన్నయి. మూడు గోడలకు అద్దాలు, ఏసీ, స్టేజీ లైట్లు, ముందర పెద్ద బోర్డు అనుకుంటున్న. ఒక్కో బ్యాచ్‌కు 25 మంది. సరిపోతదా? ఫీజు ఎంత పెట్టాలె? జీఎస్టీ కట్టాలా? తెలిసినోళ్లు చెప్పండి.

వడ్లపని (కాజీపేట)

అక్కా, ఆ లిస్టుల ఫ్లోరే లేదు. ముందు అది చేయించండి, మిగిలిన పైసలతోటి అద్దాలు చూస్కోవచ్చు.

మార్బుల్ కింద సిమెంటు, దాని కింద స్లాబు. పిల్లలు కాలు కొట్టిన దెబ్బ ఎటూ పోదు, తిరిగి మడమకూ మోకాలి కింది ఎముకకూ వస్తది. రబ్బరు మ్యాటు పరిస్తే జారుడు తగ్గుతది గని దెబ్బ తగ్గదు. మందం మ్యాటయితే ఇంకో తిప్పలు: పాదం తిప్పినప్పుడు మ్యాటు పట్టేస్తది, మోకాలు మెలిపడ్తది.

చేయాల్సింది చెక్క ఫ్లోరు, కింద ఫోమ్ ముక్కల మీద తేలేటట్టు. లెక్క చెప్త. మీ హాల్ 600 చదరపు అడుగులు. ప్లైవుడ్ షీటు 8×4, అంటే 32. ఒక పొరకు 19 షీట్లు, కోతల పోయేది కలిపి 21 అనుకోండి. రెండు పొరలు కాబట్టి 42. మందం 12 మి.మీ., బీడబ్ల్యూఆర్ గ్రేడు (తడికి తట్టుకునేది). మామూలు కమర్షియల్ ప్లై అగ్గువకు వస్తది గని వానకాలం తడి తగిలి పొరలు విచ్చుకుంటది.

ముందుగాల గోడల మొదట్ల పొంటి చెదల మందు కొట్టించాలె. బండల మీద పాలిథిన్ షీటు పరిచి, అతుకు దగ్గర ఒకదాని మీద ఒకటి అర అడుగు ఎక్కించి టేపు వేయాలె. మొదటి పొర షీట్ల కింది దిక్కు 2 అంగుళాల చదరం, 20 మి.మీ. మందం ఉన్న గట్టి ఈవీఏ ఫోమ్ ముక్కలు అడుగుకొకటి అతికించాలె. మీ హాల్‌కు సుమారు 650 ముక్కలు పడ్తయి. షీట్ల అంచులు కలిసే కాడ వరుస దగ్గర దగ్గర పెట్టాలె. సోఫా స్పాంజి మాత్రం వద్దు, ఆర్నెల్లకే చదునైపోతది.

రెండో పొర అడ్డంగ వేయాలె, కింది అతుకుల మీద పై అతుకులు రావద్దు, కనీసం అడుగు జరగాలె. స్క్రూలు 20 మి.మీ. పొడవువి. రెండు పొరలు కలిస్తే 24 కదా, 25 మి.మీ. స్క్రూ వేస్తే మొన అవతలికి పొడుచుకొస్తది. తల 1 మి.మీ. లోపలికి దింపి పుట్టీ పెట్టాలె. ఇది చూస్కోకుంటే ఉత్త కాళ్లతోటి ఆడే పిల్లల అరికాళ్లు కోసుకపోతయి.

నాలుగు దిక్కుల గోడకూ చెక్కకూ నడుమ 12 మి.మీ. సందు. వానకాలం చెక్క ఉబ్బుతది, సందు లేకుంటే నడుమల పైకి లేస్తది. సందు కనపడకుండ స్కర్టింగ్ కొట్టొచ్చు, గోడకే కొట్టాలె, ఫ్లోరుకు కాదు.

పైన మ్యాట్ పాలిష్. నీళ్లతోటి కలిపే పాలీయురెథేన్ రెండు మూడు కోట్లు. నిగనిగలాడే గ్లాస్ పాలిష్, మైనం వద్దు, చెమట పడితే జారుతది. ఫినాయిలు కూడ జిడ్డు వదులుతది, బట్ట తడిపి గట్టిగ పిండి తుడుస్తె చాలు.

మొత్తం ఎత్తు 44 మి.మీ. పెరుగుతది. తలుపు అడుగు కోయించుడు మర్చిపోవద్దు. గుమ్మం కాడ అంచుకు ఏటవాలు చెక్క పెట్టాలె, లేకుంటే తట్టుకొని పడ్తరు. పని అయినంక మడమతోటి అడుగడుగుకూ కొట్టి చూడండి. బోలుగ, టకటక అని మోగిన కాడ ఫోమ్ ముక్క ఊడినట్టు లెక్క. అప్పుడే ఇప్పించి సరిచేయించాలె, పాలిష్ అయినంక మేస్త్రి ఫోను ఎత్తడు.

గజ్జెల_సవ్వడి

అన్నా, ఇంత వివరంగ ఎవరూ చెప్పలే. కానీ కిరాయి ఇల్లు కదా, ఇంత ఖర్చు పెట్టినంక ఓనర్ ఖాళీ చెయ్యమంటే?

వడ్లపని (కాజీపేట)

ఈ ఫ్లోరు బండకు ఎక్కడా మేకు కొట్టేది లేదు. పై పొరకూ కింది పొరకూ నడుమ జిగురు పెట్టకుంటే స్క్రూలు ఇప్పి లారీల వేస్కపోవచ్చు. పాలిథిన్, కొన్ని ఫోమ్ ముక్కలు పోతయి, అంతే.

పన్నుల_చిట్టా (వరంగల్)

కిరాయి మాట వచ్చింది కాబట్టి. మన దగ్గర అందరూ 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు, ఎందుకంటే ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంత ఫ్లోరు వేస్తున్నప్పుడు 3 ఏళ్ల లీజు రిజిస్టర్ చేయించుకోండి. అందులో మూడు మాటలు ఉండాలి: ఫ్లోరు, అద్దాలు మీవేనని, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్లొచ్చని, ఆ పోర్షన్‌ను డ్యాన్స్ క్లాసులకు వాడుకోవడానికి ఓనర్‌కు అభ్యంతరం లేదని. మూడోది లేకపోతే చప్పుడు పేరు చెప్పి ఎప్పుడైనా వెళ్లగొట్టొచ్చు.

కరెంటు మీటర్ కూడా చూడండి. ఇంటి కేటగిరీలో ఉన్న మీటర్ మీద క్లాసులు నడిపితే టీజీఎన్‌పీడీసీఎల్ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు వెనకటి బిల్లు కూడా వేస్తారు. నాన్ డొమెస్టిక్‌కు మార్పించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి.

నట్టువాంగం (వరంగల్)

వడ్లపని గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆయన చెక్క గురించి చెప్పారు, నేను కాళ్ల గురించి చెప్తాను.

8 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో మడమ ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. గట్టి నేల మీద వారానికి నాలుగైదు గంటలు కాలు కొడితే మడమ వెనక నొప్పి మొదలవుతుంది. పొద్దున లేచి మునివేళ్ల మీద నడుస్తున్నారంటే అదే. తల్లిదండ్రులు చెప్పులు కరిచాయేమో అనుకుంటారు. పెద్ద పిల్లలకు మోకాలి కింద ముందు వైపు ఎముక పొడవునా నొప్పి. ఏ నొప్పయినా రెండు వారాలు దాటితే ఎముకల డాక్టర్‌కు చూపించమనాలి. “ప్రాక్టీస్ చేస్తే అదే పోతుంది” అనే మాట టీచర్ నోట రాకూడదు.

ఫ్లోరు ఒక సగం, అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) ఇంకో సగం. ఎక్కువ చోట్ల జరిగే తప్పు ఏమిటంటే పాదాలు రెండు పక్కలకూ పూర్తిగా తిప్పించి, తర్వాత మోకాళ్లు వంచమంటారు. పిల్ల పాదాలు తిప్పుతుంది, తుంటి దగ్గర అంత తిరగదు, ఆ తేడా అంతా మోకాలు మోస్తుంది. అరికాలు లోపలి వైపు కుంగుతుంది, నడుము వెనక్కి వంగుతుంది. వరుస తిప్పాలి: నిలబడి తుంటి నుంచి తొడ తిప్పమనాలి, పాదం ఎక్కడికి వస్తే అక్కడ వదిలేయాలి, తర్వాత వంగమనాలి. చూడాల్సింది ఒక్కటే, మోకాలి చిప్ప నుంచి కిందికి గీత గీస్తే అది పాదం రెండో వేలి మీద పడాలి. లోపలికి పడిందంటే పాదాల కోణం తగ్గించాలి, “ఇంకా కూర్చో” అనకూడదు. 6 ఏళ్ల లోపు పిల్లలకు లోతు అరమండి అసలు అడగవద్దు. వాళ్లకు తాళం, నడక, ముద్రలు చాలు.

అద్దాలు మూడు గోడలకు ఎందుకమ్మా? పిల్ల మెడ తిప్పి పక్క అద్దంలో చూసుకుంటుంది, భుజాల వరుస అక్కడే పోతుంది. ఒక్క గోడకు చాలు. నేల నుంచి అర అడుగు పైన మొదలై 6 అడుగుల ఎత్తు. దానికి కర్టెన్ ఉండాలి, నెలలో సగం క్లాసులు కర్టెన్ వేసే జరగాలి. లేకపోతే స్టేజీ ఎక్కగానే ఎదురుగా అద్దం లేక చూపు ఎక్కడ నిలపాలో తెలియదు.

వడ్లపని (కాజీపేట)

అద్దం 6 మి.మీ. తీస్కోండి. 4 మి.మీ. ది వంకర గోడకు అతికిస్తే అద్దమూ వంగుతది, మనిషి ఒక దిక్కు లావు కనపడ్తడు. ముందు గోడకు ప్లై కొట్టి దాని మీద అద్దం. అతికించే సిలికాన్ న్యూట్రల్‌ది అడగండి. పులుపు వాసన వచ్చేది వాడితే వెనక పూత తిని నల్ల మచ్చలు పడ్తయి. వెనక సేఫ్టీ ఫిల్మ్ కూడ వేయించండి, పగిలినా ముక్కలు కింద పడవు.

లెక్కల_పద్దు (కరీంనగర్)

ఇగ అసలు లెక్కకు వద్దాం. 25 మంది బ్యాచ్ అన్నరు. 600 అడుగులల్ల టీచర్ ముందర స్థలం, చెప్పులు బ్యాగుల మూల తీసేస్తే 500 మిగులుతది. చేతులు చాపి అడవు (నాట్యంల మూల అడుగు) వేస్తూ పక్కకు కదిలే పిల్లకు 35 చదరపు అడుగులన్న కావాలె. 14 మంది. అంతకు మించితే వెనక వరుస పిల్లల కాళ్లు టీచర్‌కు కనపడయి.

ఇప్పుడు నెల ఖర్చు ఉదాహరణకు వేస్త. కిరాయి 14,000, కరెంటు 2,500, అసిస్టెంట్‌కు 8,000, ఊడ్చి తుడిచే మనిషికి 1,500, చిల్లర 1,000. మొత్తం 27,000. మీకు జీతం 25,000 కలిపితే 52,000. చాలామంది ఆ 25 వేలు లెక్కల రాయరు, అందుకే రెండేళ్లు నడిపినంక లాభమా నష్టమా తెల్వదు.

ఫీజు 1,000 అనుకుందాం. అన్నదమ్ముల రాయితీ, మధ్యల మానేసేటోళ్లు, ఎగ్గొట్టేటోళ్లు పోను చేతికొచ్చేది 850. నెలకు 62 మంది కావాలె. కానీ కిరాయి 12 నెలలు, ఫీజు మాత్రం నిండుగ 10 నెలలే వస్తది. 52,000 ను 12 తోటి గుణిస్తే 6,24,000. ఒక్కో పిల్లకు ఏడాదికి 8,500. భాగిస్తే 74 మంది. బ్యాచ్‌కు 14 చొప్పున 6 బ్యాచ్‌లు, వారానికి రెండేసి క్లాసులంటే 12. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 5.30, 6.30 కు రెండు చొప్పున 10 అయితయి, మిగిలిన 2 శని, ఆదివారాలు. పట్టిన పని పట్టినట్టు నడిస్తే సరిపోతది.

మొదటి జూన్‌లనే 74 మంది రారు. 3 లక్షలల్ల కనీసం ఆరు నెలల కిరాయి, అంటే 84 వేలు, ముట్టుకోకుండ పక్కన పెట్టండి. ఏసీ, స్టేజీ లైట్లు, పెద్ద బోర్డు ఆ పైసల్ల నుంచే వస్తున్నయి మీ ప్లాన్‌ల.

చిందులేయ్ (మంచిర్యాల)

14 మందితో నడపమనుడు పుస్తకంల లెక్క. మా దిక్కు ఒక్కో బ్యాచ్‌కు 30 మంది ఉన్న స్కూళ్లు ఉన్నయి, మంచిగనే నడుస్తున్నయి. సినిమా పాటల బ్యాచ్ పెడితే ఇంకా ఎక్కువ మంది వస్తరు.

లెక్కల_పద్దు (కరీంనగర్)

నడుస్తయి తమ్మీ. అడ్మిషన్లు ఎంతమంది అని కాదు, రెండో ఏడు ఎంతమంది మిగిలిన్రు అని అడుగు. 30 మంది బ్యాచ్‌ల వెనక వరుస పిల్ల ఏడాదికి మూడు అడవులు నేర్చి మానేస్తది. దాని జాగల కొత్త పిల్లను తెచ్చుడు, డెమో క్లాసు, పాంప్లెట్లు, మల్ల మొదటి నుంచి నేర్పుడు, అదంతా ఖర్చే.

నట్టువాంగం (వరంగల్)

పైగా మూడు కాలాల (ఒకే అడవును మూడు వేగాల్లో వేయడం) దగ్గర బయటపడుతుంది. మొదటి కాలం నిమిషానికి 60 లెక్కన మొదలుపెడితే మూడో కాలంలో 240 దెబ్బలు, అంటే సెకనుకు నాలుగు. అది పిల్లలు పట్టుకోగలరు. పెద్ద బ్యాచ్‌లో టీచర్ విసుగుతో 80 దగ్గర మొదలుపెడుతుంది, మూడో కాలం 320 అవుతుంది. అప్పుడు పిల్లలందరూ ఒక్కసారే అరమండి వదిలి పైకి లేస్తారు. కాలు నేలను తాకుతుంది కానీ మోగదు. 14 మందిలో అది వెంటనే చెవికి తెలుస్తుంది, 30 మందిలో చప్పుడంతా కలిసిపోతుంది. ఫోనులో మెట్రోనోమ్ పెట్టుకోండి, తట్టుకర్ర దానికి కలిపి కొట్టండి. టీచర్ చెయ్యి కూడా సాయంత్రం మూడో క్లాసుకు తెలియకుండా పరుగెత్తుతుంది.

గంట క్లాసు ఇలా పంచుకోవచ్చు: వార్మప్ 8 నిమిషాలు, అడవులు 20, అంశం 20, శ్లోకాలు, ముద్రలు, తాళం 7, చివర కండరాలు సాగదీయడం 5. ఫంక్షన్ దగ్గర పడగానే అందరూ అడవుల 20 నిమిషాలు మింగేస్తారు, అది మాత్రం చేయకండి.

గజ్జెలు మొదటి రోజే కట్టించవద్దు. గజ్జె మోతలో అడుగు తప్పు వినపడదు. మూడు కాలాలు తేటగా వచ్చాక తోలు పట్టీ మీద కుట్టినవి ఇవ్వండి. దారం తెగిన గజ్జె చెక్క ఫ్లోరు మీద పడితే దాని మీద కాలు వేసిన పిల్లకు గాయం, ఫ్లోరుకు గుంట. క్లాసు అయ్యాక ఒకసారి నేల ఊడ్చాలి.

గజ్జెల_సవ్వడి

10 నెలలే ఫీజు వస్తదన్నరు కదా, ఏ రెండు నెలలు పోతయి? మే నెలల సమ్మర్ క్యాంపు పెడ్తరు కదా అందరూ.

లెక్కల_పద్దు (కరీంనగర్)

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైతయి, పరీక్షలు. ఏప్రిల్ ఆఖరుకు సెలవులు, సగం పిల్లలు అమ్మమ్మ ఊరికి. జూన్ రెండో వారం దాకా రారు. నడుమ దసరా, బతుకమ్మ సెలవులు. సమ్మర్ క్యాంపు పైసలు వస్తయి గని ఆ పిల్లలు జూన్ తర్వాత నిలబడేది తక్కువ. క్యాంపును అడ్మిషన్ల గేటు లెక్క వాడుకోవాలె: 20 రోజులు, పొద్దుగాల 7 నుంచి 8.30, మే ఎండల 11 గంటల బ్యాచ్ పెట్టొద్దు. ఆఖరి రోజు తల్లిదండ్రుల ముందు అడవులే చూపించాలె, పాట కాదు. అడవులు చూసి చేర్పించిన తల్లి మూడేండ్లు ఉంచుతది.

దీనికన్న పెద్ద దెబ్బ వేరే ఉంది. తొమ్మిదో తరగతి. హనుమకొండంతా ఇంటర్ కాలేజీలు, హాస్టళ్లు. తొమ్మిది, పదో తరగతి రాంగనే డ్యాన్స్ బంద్. ఏడెనిమిదేండ్లు నేర్చిన పిల్ల సరిగ్గ బాగ ఆడే టైముకు పోతది. దీనికి మందు లేదు గని రెండు పనులు చేయొచ్చు. సర్టిఫికెట్ పరీక్ష తొమ్మిదో తరగతిలోపు అయిపోయేటట్టు 7, 8 ఏండ్లకే మొదలుపెట్టించాలె. తొమ్మిది, పది పిల్లలకు ఆదివారం పొద్దున ఒక్కటే బ్యాచ్, సగం ఫీజు. అంత మాత్రం తాడు ఉంటే ఇంటర్ అయినంక కొందరు తిరిగొస్తరు, అసిస్టెంట్లు అయ్యేది వాళ్లే.

అసిస్టెంట్ అంటే గురుసేవ అని ఊరికే పని చేయించుకునేటోళ్లు ఉన్నరు. 8 వేలు రాసిన చూడు పైన, అది ఇయ్యాలె.

నట్టువాంగం (వరంగల్)

సర్టిఫికెట్ మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు 4 ఏళ్లు, ఆ పైన డిప్లొమా 2 ఏళ్లు. మన దగ్గర విద్యారణ్య కళాశాల ఉంది. తల్లిదండ్రులు అడిగితే ఆ దారి చూపించండి. మీ స్కూల్ ఇచ్చే కాగితం మీ స్కూల్ కాగితమేనని స్పష్టంగా చెప్పండి. ప్రతిభ ఉన్న 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సీసీఆర్‌టీ (కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ) స్కాలర్‌షిప్ ఉంది, 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే యువ కళాకారుల స్కాలర్‌షిప్ వేరే. మీరే ముందుకు చదవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.పి.ఏ., ఆ తర్వాత యూజీసీ నెట్‌లో నాట్యానికి సబ్జెక్టు ఉంది. స్కూల్ నడుస్తున్నా ఈ చదువు వదలకండి, కాలేజీ ఉద్యోగానికి దారి అదే.

చిందులేయ్ (మంచిర్యాల)

రికార్డు ప్రోగ్రాంల సర్టిఫికెట్ ఇస్తున్నరు కదా, వెయ్యి మంది ఒకేసారి ఆడేది. పిల్లలకు మోజు ఉంటది.

నట్టువాంగం (వరంగల్)

మోజు ఉంటుంది, ఖర్చు కూడా ఉంటుంది. ఒక్కో పిల్లకు ఎంట్రీ ఫీజు, బస్సు, డ్రస్సు, మేకప్ అన్నీ తల్లిదండ్రులవే. మైదానంలో మట్టి మీదో కార్పెట్ మీదో నాలుగు గంటలు ఎండలో నిలబెట్టి ఎనిమిది నిమిషాలు ఆడిస్తారు. ఆర్గనైజర్లు టీచర్‌కు తలకింత అని ఇస్తామంటారు, అక్కడే అర్థం కావాలి ఇది ఎవరి వ్యాపారమో. ఏడాదికి అలాంటివి నాలుగు ఒప్పుకుంటే అడవుల క్లాసులు రెండు నెలలు పోతాయి.

దానికన్నా దేవీ నవరాత్రుల్లో భద్రకాళి గుడి, శివరాత్రికి వేయిస్తంభాల గుడి, ఇలాంటి చోట్ల పది నిమిషాల అవకాశం అడగండి. పిల్లలకు ప్రేక్షకులూ ఉంటారు, పైసలూ అడగరు.

మైక్_టెస్టింగ్ (హనుమకొండ)

గుడి స్టేజీ అన్నరు కాబట్టి మా సౌండోళ్ల దిక్కు నుంచి. పాట ఒకే పెన్ డ్రైవ్‌ల తేవద్దు, రెండు తేండి, ఫోన్‌ల ఇంకో కాపీ, ఆ ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టండి. జతిస్వరం నడుమల “హలో” అని రింగ్‌టోన్ మోగితే మేం ఏం చేయలేం. పెన్ డ్రైవ్‌ల ఆ రోజు పాటలే ఉండాలె, ముందు అంకెలు వేసి: 01, 02, 03. “ఫైనల్”, “ఫైనల్ కొత్తది” అని పేర్లు పెట్టి తెస్తరు, తప్పు పాట పడ్తది.

స్టేజీ మీద రెండు బాక్సులు డ్యాన్సర్ల వైపు తిప్పమనండి. జనం వైపు బాక్సుల మోత పిల్లలకు ఆలస్యంగ వినపడ్తది, తాళం జారేది అందుకే. పది నిమిషాలు ఇస్తమన్నోళ్లు అక్కడికి పోయినంక ఆరు అంటరు. ఆరు నిమిషాల కోత ముందే చేయించి పెన్ డ్రైవ్‌ల పెట్టుకోండి, తీర్మానం (జతి ముగింపు) మీద ఆగేటట్టు. స్టేజీ కార్పెట్ గుంజి టేపు వేయించండి, ముడత పడితే వేళ్లు ఇరుక్కుంటయి. రాత్రి 10 తర్వాత మైకు బంద్, పోలీసోళ్లు వస్తరు, చివరి నంబరు ఒప్పుకోవద్దు.

కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో మొదలైనప్పటి నుంచి అందరికీ అక్కడే వార్షికోత్సవం కావాలె. 74 మంది పిల్లలకు తల్లిదండ్రులు కలిపితే 250 మంది. అంత పెద్ద హాల్‌ల ముందు నాలుగు వరుసలే నిండుతయి, వీడియోల ఖాళీ కుర్చీలు కనపడ్తయి. మొదటి రెండేండ్లు చిన్న హాలే మంచిది.

పన్నుల_చిట్టా (వరంగల్)

జీఎస్టీ ప్రశ్న మిగిలిపోయింది. కళలు, సంస్కృతికి సంబంధించిన శిక్షణ ఒక వ్యక్తి ఇస్తే దానికి మినహాయింపు ఉంది. 2022 జూలై 18 నుంచి ఆ మినహాయింపు “వ్యక్తి”కి మాత్రమే. మీ పేరు మీద ప్రొప్రైటర్‌గా నడిపితే మీరు అందులోకి వస్తారు. స్నేహితురాలితో కలిసి పార్ట్‌నర్‌షిప్పో, కంపెనీయో పెడితే రారు. అప్పుడు ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ అవసరం. చాలామంది గొప్పగా ఉంటుందని ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి ఈ మినహాయింపు పోగొట్టుకుంటున్నారు. ప్రదర్శన పారితోషికం వేరే లెక్క: శాస్త్రీయ లేదా జానపద కళలో ప్రదర్శనకు 1.5 లక్షల దాకా మినహాయింపు. సినిమా పాటల షో దాని కిందికి రాదు. డ్రస్సులు, గజ్జెలు కొని పిల్లలకు అమ్మితే అది శిక్షణ కాదు, సరుకు అమ్మకం. పుస్తకంలో విడిగా రాయండి.

మున్సిపల్ కార్పొరేషన్ నుంచి ట్రేడ్ లైసెన్సు, షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్ రిజిస్ట్రేషన్ చేయించండి. ఉద్యం (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రూపాయి ఖర్చు లేదు, డబ్బులడిగే సైట్లు నకిలీవి. టికెట్ పెట్టి సినిమా పాటలతో ప్రోగ్రాం చేస్తే పాటల హక్కుల లైసెన్సు తీసుకోవాలి, ఆ ఖర్చు టికెట్ ధరలో ముందే కలపండి.

చిందులేయ్ (మంచిర్యాల)

సరే, నేను ఒప్పుకోనిది ఒక్కటే. కూచిపూడి ఒక్కటే పెట్టుకొని 74 మంది రారు. వెస్ట్రన్ బ్యాచ్ ఉండాలె, మగపిల్లలు అట్లనే వస్తరు.

నట్టువాంగం (వరంగల్)

మగపిల్లల కోసమైతే పేరిణి (మగవాళ్ల వీర నాట్యం) ఉంది కదా, అదీ ఈ గడ్డ మీద. కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గర గజసైన్యాధిపతి జాయప సేనాని రాసిన నృత్తరత్నావళిలో దాని లక్షణం ఉంది. నటరాజ రామకృష్ణ గారు దాన్నీ, రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని మళ్లీ నిలబెట్టారు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అడిగేవాళ్లు పెరిగారు. కానీ మీకు కూచిపూడి వచ్చు కాబట్టి వీడియో చూసి పేరిణి నేర్పేయవద్దు. దానికి ఆ శిక్షణ తీసుకున్న మనిషిని వారానికి రెండు రోజులు పిలవండి. పేరిణిలో కాలి దెబ్బ ఇంకా బలంగా పడుతుంది, గంట క్లాసులో 20 నిమిషాలకొకసారి విరామం ఉండాలి, మద్దెల మోతకు కింది క్లినిక్ వాళ్లు ఊరుకోరు కూడా.

వెస్ట్రన్ పెట్టండి, తప్పేం లేదు, కిరాయి అదే కడుతుంది. వేరే టీచర్, వేరే రోజులు. బయట తొక్కిన బూట్లు ఫ్లోరు మీదికి రానివ్వకండి. మడమ కింద ఇరుక్కున్న ఒక్క కంకర రాయి పాలిష్‌ను గీకేస్తుంది, ఆ తర్వాత రోజు ఉత్తి కాళ్ల పిల్లలకు చెక్క పేడు గుచ్చుకుంటుంది.

గజ్జెల_సవ్వడి

మార్చుకున్న ప్లాన్: అద్దం ఒక్క గోడకే, ఏసీ లేదు, లైట్లు లేవు. ఫ్లోరు, ఆరు నెలల కిరాయి పక్కన. 14 మంది బ్యాచ్. ఒక చోట ఆగిన. కింద క్లినిక్ సాయంత్రం 6 నుంచి 9 దాకా ఉంటది. ఇదే వీధిల ఇంకో సెల్లార్ హాల్ 9 వేలకే ఉంది, చప్పుడు బాధ ఉండదు. దాన్ని చూడొచ్చా?

వడ్లపని (కాజీపేట)

సెల్లార్ అసలే వద్దు. 2023 జూలై వానలకు నయీంనగర్ దిక్కు ఏమైందో చూసిన్రు కదా, ప్లైవుడ్ ఒక్కసారి మునిగితే 42 షీట్లూ చెత్తకే. గాలి కూడ ఆడదు.

పన్నుల_చిట్టా (వరంగల్)

చాలా బిల్డింగుల్లో సెల్లార్ పార్కింగ్ కోసమే పర్మిషన్ తీసుకుని ఉంటుంది. అక్కడ ట్రేడ్ లైసెన్సు దగ్గరే చిక్కు.

వడ్లపని (కాజీపేట)

క్లినిక్ సంగతికి: ఫోమ్ ముక్కలతోటి చప్పుడు తగ్గుతది గని పూర్తిగ పోదు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సాయంత్రం 6.30 కు ఇద్దరు పెద్ద పిల్లలను మార్బుల్ మీదనే తట్టడవు వేయించండి, మీరు కింద డాక్టర్ గది పక్కన కూర్చోని వినండి. సీలింగ్ ఫ్యాను ఊగుతున్నదా చూడండి. ఊగితే స్లాబు పలుచన, ఆ హాల్ వదిలేయండి. ఊగకుంటే డాక్టర్ గారి గది మీద పడే మూలను చెప్పులు, బ్యాగుల జాగ చేసి, నాట్యం వీధి వైపుకు మార్చండి. పెద్ద పిల్లల బ్యాచ్ 5.30 కు, చిన్న పిల్లలది 6.30 కు పెట్టుకోండి, చిన్నోళ్ల కాలి బరువు తక్కువ. కొలతలు, తలుపు ఎటు ఉన్నదో ఫోటో పెడితే షీట్లు ఏ వరుసల పరవాల్నో గీసి పంపుత.